జీఎన్ఎమ్మా, బీఎస్సీ నర్సింగా: ఫీజు ఒక్కటే చూసి సీటు తీసుకోకండి

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ అమ్మాయో అబ్బాయో ఇంటర్‌లో బైపీసీ చదివి, కన్వీనర్ కోటాలో బీఎస్సీ నర్సింగ్ సీటు వస్తే కళ్లు మూసుకుని చేర్చండి. అది రాకపోతే మాత్రం, లక్షలు పోసి పేషెంట్లు లేని కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు కొనడం కంటే, పెద్ద ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న స్కూల్లో జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా, చేయించడం మేలు. ఈ రెండో మాట అనగానే చాలామంది తల్లిదండ్రుల మొహం చిన్నబోతుంది, అందులో "డిగ్రీ" అన్న మాట లేదు కదా. నేను జీఎన్ఎం చేసినదాన్నే. మూడున్నరేళ్ల కోర్సుగా ఉన్న రోజుల్లో చదివి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో ప్రైవేటులో పనిచేసి, పోస్ట్ బేసిక్ (జీఎన్ఎం వాళ్లు డిగ్రీ కోసం చేసే రెండేళ్ల బీఎస్సీ) చేసి, ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో డ్యూటీ చేస్తున్నాను. మా వార్డులో నా పక్కన బీఎస్సీ చేసినవాళ్లూ ఉన్నారు, ఎమ్మెస్సీ చేసినవాళ్లూ ఉన్నారు. అందరం వేసుకునే కోటు ఒకటే, రిజిస్ట్రేషన్ కార్డు మీద అక్షరాలూ ఒకటే.

అక్కడి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే చాలామందికి తెలియని సంగతి ఇదే. మన దేశంలో రిజిస్టర్డ్ నర్సు కావాలంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమా చేసినా, నాలుగేళ్ల బీఎస్సీ చేసినా కౌన్సిల్ ఇచ్చేది ఒకే రిజిస్ట్రేషన్: ఆర్ఎన్, ఆర్ఎం. అంటే రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. రెండేళ్ల ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) కోర్సు చేసినవాళ్లకు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, సబ్‌సెంటర్లలో గర్భిణులకు, పసిపిల్లలకు వాళ్లు చేసే పని చాలా గొప్పది, కానీ అది ఆర్ఎన్ కాదు. ఇక ఆరు నెలల "నర్సింగ్ అసిస్టెంట్", "హోమ్ నర్సింగ్", "బెడ్‌సైడ్ అసిస్టెంట్" కోర్సులు ఏ నర్సింగ్ కౌన్సిల్‌కూ సంబంధించినవి కావు. ఊళ్లలో ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద తెల్ల డ్రెస్సు వేసుకున్న అమ్మాయి ఫొటో పెట్టి, "నర్సింగ్‌లో గ్యారంటీ ఉద్యోగం" అని రాస్తారు. ఆ సర్టిఫికెట్‌తో కౌన్సిల్ గుమ్మం కూడా ఎక్కలేరు. టెన్త్ అయిన పిల్లల్ని అందులో చేర్చి, రెండేళ్ల తర్వాత "ఇప్పుడు స్టాఫ్ నర్సు పోస్టుకి అప్లై చేయొచ్చా అమ్మా" అని అడిగిన తండ్రికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నోరు పెగల్లేదు.

అర్హతలు తొందరగా చెప్పుకుందాం. బీఎస్సీకి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి, సైన్స్ సబ్జెక్టుల్లో 45 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 40. జీఎన్ఎంకి ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఇంగ్లిష్ పాసై మొత్తం మీద 40 శాతం ఉంటే చాలు. ఎంపీసీ, సీఈసీ చదివి ఇప్పుడు నర్సింగ్ మీద మనసు పడిన పిల్లలకు జీఎన్ఎం తెరిచి ఉన్న తలుపు, ఏఎన్ఎం పాసై రిజిస్టర్ అయినవాళ్లకు కూడా అంతే. రెంటికీ 17 ఏళ్లు నిండాలి.

"జీఎన్ఎం ఎత్తేస్తున్నారట కదా" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఎత్తేయాలన్న ఆలోచన నర్సింగ్ కౌన్సిల్ స్థాయిలో నడిచిన మాట నిజమే, తర్వాత దాన్ని వాయిదా వేశారు. అడ్మిషన్లు జరుగుతూనే ఉన్నాయి, జీఎన్ఎం చేసినవాళ్లు ఉద్యోగాలు తెచ్చుకుంటూనే ఉన్నారు. ఒకవేళ రేపు ఆపినా, అప్పటికే చదివి రిజిస్టర్ అయినవాళ్ల కార్డు ఎక్కడికీ పోదు.

ఖర్చు ఎలా లెక్కేయాలి

అందరూ అడిగేది "ఏడాదికి ఫీజెంత" అని. నేనైతే "పిల్ల చేతికి మొదటి జీతం వచ్చే రోజు దాకా మొత్తం ఎంత" అని అడగమంటాను. ట్యూషన్ ఫీజు పక్కన హాస్టలు, మెస్సు, యూనిఫాం, పుస్తకాలు, రికార్డులు, కేస్ బుక్కులు, పరీక్ష ఫీజులు, క్లినికల్ పోస్టింగుకి వెళ్లే బస్సు ఖర్చు, చివర్లో కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఇవన్నీ ఉంటాయి. కాలేజీకి సొంత ఆసుపత్రి పక్కనే ఉంటే బస్సు ఖర్చు ఉండదు, నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే డబ్బుతో పాటు రోజుకి మూడు గంటలు కూడా పోతాయి.

అన్నిటికంటే చవకైన దారులు ముందు చెబుతాను, వీటికి ప్రయత్నించకుండానే మేనేజ్‌మెంట్ సీటు కోసం పరుగెత్తేవాళ్లే ఎక్కువ. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఉంది. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ, పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరులో కలిపి 220 సీట్లు. పెళ్లికాని అమ్మాయిలకే, నీట్ రాయాలి. ఆ తర్వాత వాళ్ల పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ టెస్టు ఉంటాయి. చదువు ఉచితం, ఉండటం తినడం వాళ్లదే, నెలకి కొంత స్టైపెండ్, చదువయ్యాక లెఫ్టినెంట్ హోదాలో కమిషన్. సర్వీసు చేస్తామని బాండు రాయాలి, అది తెలిసి వెళ్లాలి. పుదుచ్చేరి జిప్‌మర్ కూడా నీట్ మార్కులతోనే బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చుకుంటుంది. ఎయిమ్స్ సంస్థలకు సొంత ప్రవేశ పరీక్ష ఉంది, అక్కడ ఫీజు మన ప్రైవేటు స్కూళ్ల ఎల్‌కేజీ ఫీజుకంటే తక్కువ. పోటీ గట్టిదే, కానీ బైపీసీలో బాగా చదివే అమ్మాయి ఎలాగూ నీట్ రాస్తుంది, డాక్టరు సీటు రాలేదని లాంగ్ టర్మ్‌లో రెండేళ్లు కూర్చునే బదులు ఆ మార్కులు ఇక్కడ పనికొస్తాయేమో చూసుకోవాలి.

తర్వాత మన రాష్ట్రాల ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు. 2014 తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీల దగ్గర 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు, తెలంగాణలో జిల్లా మెడికల్ కాలేజీల వెంబడే ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలు కూడా వచ్చాయి. నేను చదివే రోజుల్లో ఇన్ని లేవు. ప్రభుత్వ సీట్లలో స్టైపెండ్ కూడా ఇస్తారు, తెలంగాణలో 2022లో దాన్ని మొదటి ఏడాది పిల్లలకు 1,500 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. తెలంగాణలో బీఎస్సీ కౌన్సెలింగ్ వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ చేస్తుంది, ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకు చూస్తున్నారు. ఆంధ్రాలో విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ చేస్తుంది, అక్కడ ఎంపిక పద్ధతి మారుతూ వచ్చింది కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి, పక్కింటివాళ్ల మాట వినకండి. ప్రభుత్వ జీఎన్ఎం సీట్లకు ఇంటర్ మార్కులే ఆధారం.

ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చిందనుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. తెలంగాణలో కుటుంబ ఆదాయం ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షల లోపు, బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో 2 లక్షల లోపు ఉండాలి, 75 శాతం హాజరు ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకి అది రాదు. ఇక్కడొక మెలిక ఉంది, రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యంగా వస్తే కొన్ని కాలేజీలు కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపుతాయి. సర్టిఫికెట్ లేనిదే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేనిదే ఉద్యోగం లేదు. అందుకే చేరేముందు ఆ కాలేజీలో నిరుడు పాసైన ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, వాళ్లకి సర్టిఫికెట్లు ఎప్పుడు చేతికొచ్చాయో కనుక్కోండి.

ఇక అప్పు చేసి చదివించడం. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా వార్డులో నాతో పనిచేసే చిన్నపిల్లలు నైట్ డ్యూటీలో చెప్పుకుని బాధపడేది దీని గురించే. ఉదాహరణకి ఐదు లక్షల ఎడ్యుకేషన్ లోన్, పదిన్నర శాతం వడ్డీ అనుకోండి. ఏడాదికి లక్షా పాతికవేల చొప్పున నాలుగేళ్లు తీసుకుని, కోర్సు అయిన ఏడాదికి కట్టడం మొదలుపెడితే, ఆ లోపు మామూలు వడ్డీ లెక్కనే దాదాపు లక్షా ఎనభై వేలు పేరుకుంటుంది. అంటే అప్పు ఆరు లక్షల ఎనభై వేలు దాటుతుంది, ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి పదకొండున్నర వేల దాకా ఈఎంఐ. చదువుకునేటప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే ఈఎంఐ ఎనిమిదిన్నర వేల లోపు ఉంటుంది. ఇప్పుడు రెండో వైపు చూడండి: హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్తగా చేరే నర్సుకి నేను చూసినంతవరకు పదిహేను నుంచి ఇరవై వేల మధ్యే చేతికొస్తుంది, హాస్టల్ ఖర్చు అందులోంచే పోవాలి. జీఎన్ఎం చేశావా బీఎస్సీ చేశావా అని చూసి ఇచ్చే తేడా వెయ్యీ రెండు వేలే. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద వేసిన కమిటీ, యాభై పడకల లోపు చిన్న ఆసుపత్రిలో కూడా నర్సుకి 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. ఆ మాట అమలైన ఆసుపత్రిలో నేను పనిచేయలేదు. ఇది మారాలి, నర్సులు అడగాలి, కానీ అప్పు తీసుకునే తండ్రి మాత్రం ఇప్పుడున్న జీతం చూసే లెక్కేసుకోవాలి.

అప్పు తప్పదనుకుంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేయండి, 4 లక్షల దాకా బ్యాంకులు తనఖా అడగకూడదు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపైతే చదువుకునే కాలానికి వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది, కాలేజీ విషయంలో షరతులుంటాయి కాబట్టి కాలేజీ పేరు చెప్పి బ్యాంకు మేనేజర్ని ముందే అడగండి. మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చి మాత్రం నర్సింగ్ చదివించకండి.

రెండు దారులు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

ప్రభుత్వ ఉద్యోగాల దగ్గర తేడా చాలా తక్కువ. తెలంగాణలో 2022 డిసెంబరులో మెడికల్ బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు జీఎన్ఎం, బీఎస్సీ ఇద్దరికీ ఒకే పరీక్ష, ఒకే స్కేలు, 36,750 నుంచి మొదలు. 80 మార్కులు పరీక్షకి, 20 కాంట్రాక్టు సర్వీసుకి. మూడేళ్లలో బయటికొచ్చి కాంట్రాక్టులో చేరిన జీఎన్ఎం అమ్మాయిలకి ఆ 20 మార్కులు అక్కరకొచ్చాయి. రైల్వేలో కూడా రెండూ చెల్లుతాయి. ఎయిమ్స్ సంస్థల్లో నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష దగ్గర మాత్రం తేడా ఉంది. బీఎస్సీ చేసినవాళ్లు రిజిస్టర్ కాగానే రాయొచ్చు, జీఎన్ఎం వాళ్లకి కనీసం యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. బేసిక్ 44,900, వయసు 30 లోపు, పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకి, 20 శాతం మగవాళ్లకి. అబ్బాయిలు ఈ 20 శాతం లెక్క ముందే తెలుసుకుని దిగాలి, వాళ్లకి పోటీ ఎక్కువ.

విడిపోయేది పైచదువు దగ్గర. ఎమ్మెస్సీ చేసి ట్యూటర్ గానో లెక్చరర్ గానో వెళ్లాలంటే డిగ్రీ ఉండాల్సిందే. జీఎన్ఎం చేసినవాళ్లు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి అక్కడికి చేరొచ్చు. మొత్తం ఐదేళ్లు, బీఎస్సీ కంటే ఒక ఏడాది ఎక్కువ. కాకపోతే మధ్యలో ఆగి సంపాదించుకోవచ్చు. నేను అలాగే చేశాను, తమ్ముడి చదువు అయ్యేదాకా ఉద్యోగం చేసి, తర్వాత సెలవు పెట్టి కాలేజీకెళ్లాను. కష్టమే, ముప్పై దాటాక మళ్లీ బెంచీ మీద కూర్చోవడం. పెళ్లై పిల్లలున్నాక ఆ రెండేళ్లు దొరకని నా స్నేహితురాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు డిప్లొమా దగ్గరే ఆగిపోయారు. కాబట్టి "తర్వాత చేస్తాలే" అన్న మాటని అంత తేలిగ్గా నమ్మొద్దు. ఇంట్లో వెంటనే డబ్బు అవసరం లేకపోతే నాలుగేళ్లు ఒకేసారి చదివేయడమే సుఖం.

బెంగళూరు సీటు

జూన్, జులై వస్తే ఏజెంట్లు ఊళ్లకి వస్తారు. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్, ఫలానా లక్షల ప్యాకేజీ, కొన్నిసార్లు "క్లాసులకి రానక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు" అని కూడా అంటారు. మా బంధువుల అమ్మాయి అలాంటి చోట చేరింది. మూడో ఏడాదిలో సెలవులకి వచ్చినప్పుడు బీపీ చూడమంటే చెయ్యి వణికింది పిల్లకి. తప్పు ఆ అమ్మాయిది కాదు, వార్డులో నిలబెట్టినవాళ్లు లేరు. నర్సింగ్‌లో థియరీకి 80 శాతం హాజరు, ప్రాక్టికల్‌కి నూటికి నూరు ఉండాలన్నది కౌన్సిల్ నియమం. రానక్కర్లేదన్న కాలేజీ అంటే ఆ హాజరు దొంగగా వేస్తుందన్న మాట, రేపు విదేశానికి వెళ్లేటప్పుడు డాక్యుమెంట్లు వెరిఫికేషన్‌కి వెళ్తే నిలవాల్సింది మీ పిల్లే. కర్ణాటకలో మంచి కాలేజీలు లేవని కాదు, చాలా ఉన్నాయి. అక్కడ చదివితే ముందు ఆ రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, తర్వాత మన కౌన్సిల్‌కి మార్చుకోవాలి, దానికి టైమూ డబ్బూ కలిపి లెక్కేసుకోండి. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకుని మాత్రం వెళ్లకండి.

విదేశాల కోసమే అయితే

జీఎన్ఎంతో విదేశం వెళ్లలేరన్నది సగమే నిజం. జర్మనీకి జీఎన్ఎం వాళ్లూ వెళ్తున్నారు, అక్కడ అసలు గోడ భాష, బీ2 స్థాయి జర్మన్ రావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ శిక్షణ ఇస్తోంది. బ్రిటన్‌కి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 7, రైటింగ్‌లో 6.5, లేదా వైద్య రంగం వాళ్లకుండే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ, ఆపైన కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, అక్కడికెళ్లాక ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష. ఈ మధ్య అక్కడ విదేశీ నర్సుల్ని తీసుకోవడం బాగా తగ్గించారు, దాన్ని నమ్ముకుని కోర్సు ఎంచుకోకండి. అమెరికాలో నర్సు లైసెన్సుకి పెట్టే ఎన్‌క్లెక్స్ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు, పాసవడం ఒక ఎత్తు, మన దేశం వాళ్లకి ఉద్యోగం మీద వచ్చే ఈబీ3 గ్రీన్ కార్డు క్యూ పదేళ్లకు పైగా ఉండటం ఇంకో ఎత్తు. "ఎన్‌క్లెక్స్ పాసైతే ఏడాదిలో అమెరికా" అన్నవాళ్లకి డబ్బు కట్టకండి. గల్ఫ్‌కి మామూలుగా రెండేళ్ల అనుభవం, డేటాఫ్లో అనే సంస్థ చేసే సర్టిఫికెట్ల వెరిఫికేషన్, ఆ దేశం పరీక్ష ఉండాలి. సౌదీ, కువైట్ లాంటి దేశాలకు నర్సుల్ని పంపడం టామ్‌కామ్, ఆంధ్రాలో ఓమ్‌క్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్న నిబంధన 2015 నుంచి ఉంది. రిజిస్టర్డ్ ఏజెంటు ఎవరైనా తీసుకోగలిగిన సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మూడు లక్షలు, ఐదు లక్షలు అడిగాడంటే లేచి వచ్చేయండి.

ఏ దేశానికైనా ఒకటే అడుగుతారు: మీరు ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు, పిల్లల వార్డు, సైకియాట్రీ, ప్రసూతి అన్నీ చేశారా అని. ఆ వివరాలన్నీ ఉన్న కాగితం, ట్రాన్‌స్క్రిప్టు, కాలేజీ ఇవ్వాలి. పదేళ్ల తర్వాత కాలేజీ మూతపడి, రికార్డులు ఎక్కడున్నాయో తెలియక తిరిగినవాళ్లని చూశాను. పాసైన ఏడాదే నాలుగైదు కాపీలు తీసి పెట్టుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రికీ అప్పగించకండి, నేను మొదటి ఉద్యోగంలో అప్పగించి, మానేస్తానంటే ఎనిమిది నెలలు తిప్పించుకున్నారు.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు

బిల్డింగు, ఏసీ ల్యాబు చూపిస్తారు, చూడండి, తర్వాత ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. నర్సింగ్ కాలేజీకి వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలి, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు ఉండాలి, ఇది కౌన్సిల్ లెక్క. మామూలు రోజున, ఉదయం పదకొండు గంటలప్పుడు, చెప్పకుండా వెళ్లండి. మంచాలు నిండి ఉన్నాయా, లేబర్ రూమ్ నడుస్తోందా, స్టూడెంట్లు వార్డులో ఉన్నారా, ఉంటే డ్రెస్సింగులు చేస్తున్నారా, గోడవారగా నిలబడి రికార్డులు రాసుకుంటున్నారా. క్యాంటీన్‌లో రెండో ఏడాది అమ్మాయి కనపడితే, "ఇంజెక్షన్ మొదటిసారి ఎప్పుడు చేశావమ్మా" అని అడగండి. నేను చదివిన ప్రభుత్వ ఆసుపత్రిలో మంచానికి ఇద్దరు పేషెంట్లు, మాకు హాస్టల్లో నీళ్లు సరిగ్గా వచ్చేవి కావు, కానీ కోర్సు అయ్యేసరికి చీకట్లో కూడా కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) వేయగలిగే చెయ్యి వచ్చింది. హైదరాబాద్‌లో మొదటి ఇంటర్వ్యూలో సిస్టర్ ఇన్‌చార్జి నా మార్కుల కాగితం పక్కన పెట్టి, ఐసీయూలోకి తీసుకెళ్లి ఒక ముసలాయన చెయ్యి చూపించి "లైన్ వెయ్యి" అంది.